థైరాయిడ్ హార్మోన్ ఒక్కటే, మరి గుండెలో ఒకలా లివర్‌లో ఇంకోలా ఎందుకు పనిచేస్తుంది?

ఇవాళ్టి ఎపిసోడ్ థైరాయిడ్ గురించే. కానీ "థైరాయిడ్ ఉంటే ఏం తినాలి, ఏం తినకూడదు" రకం వీడియో కాదు. అవి మీ ఫోన్‌లో ఇప్పటికే బోలెడు ఉంటాయి. నేను చెప్పబోయేది వాటికి అడుగున ఉన్న విషయం. గొంతు దగ్గరుండే ఆ చిన్న గ్రంథి, స్కూల్ పుస్తకంలో అవటు గ్రంథి అని చదివే ఉంటారు, అది వదిలే హార్మోన్ రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. గుండెకి వెళ్లేదీ అదే, లివర్‌కి వెళ్లేదీ అదే, కంటికీ చెవికీ ఎముకకీ వెళ్లేదీ అదే. మరి ఒక్కో చోట ఒక్కో పని ఎలా చేస్తుంది?

పరీక్షల్లో అయిదు మార్కుల ప్రశ్నలా ఉంది కదా. కానీ దీనికి జవాబు తెలియక ప్రాణాల మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. బరువు తగ్గాలని ఇంట్లో ఎవరివో థైరాయిడ్ ట్యాబ్లెట్లు తీసుకుని మింగేవాళ్లుంటారు. బాడీబిల్డింగ్ చేసేవాళ్లలో కొందరు కొవ్వు కరిగించడానికని నేరుగా టీ3 బిళ్లలే వాడతారు. వాళ్ల లాజిక్ వినడానికి బాగానే ఉంటుంది. థైరాయిడ్ తగ్గితే లావవుతారు, కాబట్టి పెంచితే సన్నబడతారు. ఇది ఎక్కడ బెడిసికొడుతుందో ఎపిసోడ్ అయ్యేలోపు మీకే అర్థమవుతుంది.

ముందు ఒక పోలిక. ఎండాకాలం మొదట్లో ఓ రాత్రి మంచి వాన పడిందనుకోండి. వాడిపోతున్న కూరగాయల మడికి ప్రాణం లేచొస్తుంది. ఆ పక్కనే కల్లంలో ఆరబోసిన మిర్చి తడిసి నాశనమవుతుంది. వాన ఒక్కటే. తేడా అంతా అది పడిన చోట ఉంది.

నేను కథలు చెప్తున్నాననుకోకండి, 1912లో గుడెర్నాట్ష్ అనే శాస్త్రవేత్త దాదాపు ఇదే కళ్లారా చూశాడు. తోకకప్పలకి, అదే టాడ్‌పోల్స్‌కి, జంతువుల థైరాయిడ్ గ్రంథిని మేతగా వేశాడు. అవి వయసు రాకముందే చిట్టి చిట్టి కప్పలైపోయాయి. తోకలో కణాలు చచ్చిపోయి తోక కరిగిపోయింది. అదే సమయంలో, అదే హార్మోన్‌తో, కాళ్లలో కణాలు పెరిగి కాళ్లొచ్చాయి. ఒక కణానికి "చావు" అని, ఇంకో కణానికి "పెరుగు" అని వినిపించింది. థైరాయిడ్ తీసేసిన తోకకప్పలైతే కప్పలు కావు, తోకకప్పలుగానే పెరుగుతూ పోతాయి.

సరే, మనిషి దగ్గరికొద్దాం. థైరాయిడ్ గ్రంథి ఎక్కువగా తయారుచేసేది టీ4, అంటే థైరాక్సిన్. అందులో నాలుగు అయోడిన్ పరమాణువులుంటాయి. అసలు పనిచేసేది టీ3, దాంట్లో మూడే. టీ4ని బియ్యం అనుకోండి, టీ3ని అన్నం అనుకోండి. గ్రంథి బియ్యం పంపిస్తుంది, కొంచెం అన్నం కూడా పంపిస్తుంది. రక్తంలో కనిపించే టీ3లో దాదాపు 80 శాతం మాత్రం గ్రంథి బయటే వండినది. వండేవి డీఅయోడినేజ్‌లు అనే ఎంజైములు. వీటిలో మూడు రకాలున్నాయి. ఒకటి లివర్, కిడ్నీల్లో ఎక్కువ. రెండోది మెదడులో, పిట్యుటరీలో ఎక్కువ. మూడోది తేడా మనిషి. అది వండదు, వండినదాన్ని, బియ్యాన్ని కూడా, పనికిరాకుండా చేస్తుంది. గర్భిణుల మాయలో ఇది బాగా ఎక్కువగా ఉంటుంది, కడుపులో బిడ్డకి మోతాదు మించి హార్మోన్ వెళ్లకుండా కాపలా. అంటే ఊరంతటికీ రేషన్ ఒకటే అయినా, ఏ ఇంట్లో ఎంత అన్నం ఉండాలో ఆ ఇల్లే చూసుకుంటుంది.

ఇంట్లోకి రావాలంటే తలుపు కూడా కావాలి కదా. థైరాయిడ్ హార్మోన్ కణంలోకి దానంతట అదే జారిపోతుందని చాలాకాలం అనుకున్నారు. అలా కాదు, కణం పొరలో దానికోసం ప్రత్యేకంగా దారులున్నాయి. అందులో ముఖ్యమైనదాని పేరు ఎంసీటీ8. దీని జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి అందులో లోపం వస్తే దెబ్బ పడేది ఎక్కువగా మగపిల్లలకే. ఈ జబ్బుని 1944లోనే వర్ణించారు, అలన్-హెర్న్‌డన్-డడ్లీ సిండ్రోమ్ అంటారు. కారణం తేలడానికి మాత్రం 2000 దాటాల్సి వచ్చింది. ఈ పిల్లల మెదడులోకి హార్మోన్ సరిగ్గా వెళ్లదు. మెడ నిలవదు, మాటలు రావు, చాలామంది నడవలేరు. మిగతా అవయవాల్లో చాలావాటికి వేరే తలుపులున్నాయి, పైగా వీళ్ల రక్తంలో టీ3 ఎక్కువగా ఉంటుంది. దాంతో గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఒళ్లు చిక్కిపోతుంది. ఒకే పిల్లాడి ఒంట్లో మెదడుకి కరువు, గుండెకి వరద. ఇతనికి థైరాయిడ్ తక్కువా, ఎక్కువా అని అడిగితే ఏం చెప్తాం?

ఇప్పుడు అసలు పాత్ర, రిసెప్టర్. తెలుగు మీడియం వాళ్లకి గ్రాహకం. ఇన్సులిన్ లాంటి హార్మోన్ల రిసెప్టర్లు కణం పైపొర మీద, గుమ్మం దగ్గరే ఉంటాయి. థైరాయిడ్ రిసెప్టర్ అలా బయట నిలబడదు. కణం లోపల, కేంద్రకంలో, నేరుగా డీఎన్‌ఏ మీదే కూర్చుంటుంది. దీన్ని 1986లో రెండు బృందాలు పట్టుకున్నాయి. అమెరికాలో రొనాల్డ్ ఎవాన్స్ బృందం ఒకటి, యూరప్‌లో బ్యోర్న్ వెన్‌స్ట్రోమ్ బృందం ఒకటి. తమాషా ఏంటంటే, దారి చూపించింది కోళ్లకి రక్త క్యాన్సర్ తెచ్చే ఓ వైరస్. ఆ వైరస్ ఎప్పుడో కోడి దగ్గర్నుంచి ఈ రిసెప్టర్ జన్యువుని ఎత్తుకెళ్లి, పాడుచేసి పెట్టుకుంది. దాని అసలు రూపం వెతుకుతూ పోతే థైరాయిడ్ రిసెప్టర్ బయటపడింది.

ఇక్కడ నాకు చాలా ఇష్టమైన సంగతి ఒకటుంది. హార్మోన్ రానప్పుడు ఈ రిసెప్టర్ ఏం చేస్తుంటుంది? ఖాళీగా కూర్చుంటుందనుకుంటాం. ఖాళీగా ఉండదు. కోరెప్రెసర్లు అనే ప్రోటీన్లని పక్కన పెట్టుకుని, ఆ జన్యువు పనిచేయకుండా నొక్కిపెట్టి ఉంచుతుంది. టీ3 వచ్చి దాంట్లో కుదురుకోగానే రిసెప్టర్ ఆకారం కాస్త మారుతుంది, కోరెప్రెసర్లు జారుకుంటాయి, వాటి స్థానంలో కోయాక్టివేటర్లు వస్తాయి, జన్యువు పని మొదలెడుతుంది. కొన్ని జన్యువుల దగ్గర కథ తిరగబడుతుంది, అది పిట్యుటరీ దగ్గర చెప్తాను.

ఈ నొక్కిపెట్టడం ఎంత గట్టిదో ఎలుకల మీద చూశారు. పుట్టుకతో థైరాయిడ్ గ్రంథి లేని ఎలుకలు ఒక రకం ఉన్నాయి. పాలు మానే వయసుకల్లా చచ్చిపోతాయి. వాటిలో ఆల్ఫా రకం రిసెప్టర్ జన్యువుని కూడా తీసేస్తే? ఇంకా త్వరగా చచ్చిపోవాలనిపిస్తుంది. కానీ బతికాయి. హార్మోన్ లేకపోవడం కంటే, హార్మోన్ అందని రిసెప్టర్ తాళం వేసుకుని కూర్చోవడమే ఎక్కువ హాని చేసిందన్నమాట.

ఆల్ఫా అన్నాను కదా. మనకి థైరాయిడ్ రిసెప్టర్ జన్యువులు రెండు. ఆల్ఫా 17వ క్రోమోజోమ్ మీద, బీటా 3వ క్రోమోజోమ్ మీద. వీటి నుంచి వచ్చేవాటిలో మనం గుర్తుపెట్టుకోవాల్సినవి మూడు. ఆల్ఫా-1, బీటా-1, బీటా-2. ఆల్ఫా-2 అని ఇంకోటి ఉంది గానీ దానికి హార్మోన్ అతుక్కోదు, దాన్ని వదిలేద్దాం. మూడూ చాలా చోట్ల ఎంతోకొంత ఉంటాయి, కానీ ఎక్కడ ఎవరి పెత్తనం అన్నదే పాయింట్.

గుండె ఆల్ఫా-1 రాజ్యం. టీ3 వస్తే గుండె కణం తన పరికరాలనే మార్చుకుంటుంది. కాల్షియంని త్వరగా వెనక్కి లాగే పంపు పెరుగుతుంది, అందువల్ల కొట్టుకున్నాక గుండె త్వరగా సడలుతుంది, మళ్లీ వెంటనే కొట్టుకోగలుగుతుంది. గుండె లయని నడిపే చానళ్లు పెరుగుతాయి. అడ్రినలిన్ కబురు అందుకునే బీటా రిసెప్టర్లు పెరుగుతాయి (ఇది వేరే బీటా, పేర్లు పెట్టినవాళ్లు మన గురించి ఆలోచించలేదు). అందుకే థైరాయిడ్ ఎక్కువైనవాళ్లకి గుండె దడ. అది ముదిరితే ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె పై గదులు లయ తప్పి వణకడం. అక్కడ రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకి వెళ్తే పక్షవాతం.

ఎముకలో కూడా ఆల్ఫాదే పైచేయి. పిల్లలు ఎత్తు పెరగడానికి హార్మోన్ కావాలి. పెద్దవాళ్లలో అదే ఎక్కువైతే, కట్టడం కంటే కూల్చడం వేగం పెరిగి ఎముక గుల్లబారుతుంది.

లివర్‌లో బీటా-1 పెద్ద. ఇక్కడ టీ3 చేసేవాటిలో ముఖ్యమైనది, రక్తంలోని ఎల్‌డీఎల్‌ని, మనం చెడు కొలెస్ట్రాల్ అంటామే, దాన్ని పట్టి లోపలికి లాక్కునే ఏర్పాటు పెంచడం. థైరాయిడ్ తగ్గినవాళ్లకి కొలెస్ట్రాల్ పెరిగేది అందుకే. కొలెస్ట్రాల్ ఎక్కువుందని రిపోర్ట్ వస్తే డాక్టర్లు ఒకసారి థైరాయిడ్ కూడా చూద్దాం అనేది ఊరికే కాదు.

కంట్లో, చెవిలో బీటా పని చాలామందికి తెలీదు. ఎరుపు, ఆకుపచ్చ రంగుల్ని పట్టే శంకు కణాలు తయారవ్వాలంటే ఎదిగే రెటీనాకి థైరాయిడ్ హార్మోన్ అందాలి. 2018లో జాన్స్ హాప్కిన్స్ వాళ్లు ల్యాబ్‌లో మనిషి కణాలతో చిన్న రెటీనాలు పెంచి చూశారు. మొదట నీలం కణాలొస్తాయి, హార్మోన్ పనిచేశాక ఎరుపు, ఆకుపచ్చ కణాలొస్తాయి. చెవి లోపల కాక్లియా సరిగ్గా ఎదగడానికీ బీటా కావాలి.

ఇప్పుడు పిట్యుటరీ, అదే పీయూష గ్రంథి. ఇక్కడ పెత్తనం బీటా-2ది, పని ఉల్టా. టీ3 వస్తే టీఎస్‌హెచ్ తయారుచేసే జన్యువు ఆగుతుంది. టీఎస్‌హెచ్ థైరాయిడ్ గ్రంథిలో పుట్టేది కాదు. "ఇంకా చెయ్" అని థైరాయిడ్ మీద పిట్యుటరీ వేసే కేక అది. హార్మోన్ తక్కువైతే కేక పెరుగుతుంది, ఎక్కువైతే నోరు మూసుకుంటుంది. కాబట్టి మీ రిపోర్ట్‌లో టీఎస్‌హెచ్ పక్కన ఉన్న అంకె, మీ ఒంట్లో హార్మోన్ గురించి పిట్యుటరీ అభిప్రాయం. తన రిసెప్టర్‌తో, తన వంటింట్లో వండుకున్న టీ3తో అది ఏర్పరచుకున్న అభిప్రాయం.

ఈ మాట పట్టుకుని "నా టీఎస్‌హెచ్ నార్మల్ అంటే నమ్మక్కర్లేదన్నమాట" అనుకోకండి, ప్లీజ్. నూటికి తొంభైతొమ్మిది పాళ్లు పిట్యుటరీ మాట నిజమే, దానంత సున్నితంగా పసిగట్టేది ఇంకోటి లేదు. నేను చెప్పేవి అరుదైన కేసులు. కానీ లోపల ఏం జరుగుతుందో మనకి నేర్పింది అవే.

1967లో శామ్యూల్ రెఫెటాఫ్ అనే డాక్టర్ బృందం ఒకే ఇంటి పిల్లల గురించి రాసింది. రక్తంలో థైరాయిడ్ హార్మోన్ బాగా ఎక్కువ. గొంతు దగ్గర గ్రంథి వాచింది. కానీ ఒంటి లక్షణాలు థైరాయిడ్ ఎక్కువైనవాళ్లలా లేవు. పైగా పుట్టు చెవుడు. హార్మోన్ ఉంది, ఒళ్లు వినడం లేదు. ఆ ఇంట్లో బీటా జన్యువే పూర్తిగా లేదని చాలా ఏళ్లకి తేలింది. చెవుడు ఎందుకో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

ఇలా బీటాలో లోపం ఉన్నవాళ్లు ఇప్పుడు దాదాపు 40,000 మందిలో ఒకరు ఉంటారని అంచనా. చాలామందిలో రెండు కాపీల్లో ఒకటే పాడవుతుంది, చెవుడు లాంటివి ఉండకపోవచ్చు. పిట్యుటరీకి సరిగ్గా వినపడదు కాబట్టి కేక ఆపదు, హార్మోన్ పెరుగుతూనే ఉంటుంది. లివర్‌కీ సరిగ్గా వినపడదు. గుండెలో ఉన్నది ఆల్ఫా, అది బాగానే ఉంది, పెరిగిన హార్మోన్ అంతా దానికి చక్కగా వినపడుతుంది. అందుకే గుండె దడ. ఇప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్తే ఏం కనిపిస్తుంది? దడ, గొంతు వాపు, టీ4 ఎక్కువ. తొందరపడి "హైపర్" అని గ్రంథిని తీసేసిన, రేడియో అయోడిన్‌తో కాల్చేసిన కేసులున్నాయి. పట్టుకోవాల్సిన గుర్తు ఒకటే. టీ4 అంత ఎక్కువున్నప్పుడు టీఎస్‌హెచ్ అడుగంటాలి. ఇక్కడ అడుగంటదు.

దీనికి అద్దంలో బొమ్మ లాంటిది ఆల్ఫా లోపం. దీన్ని 2012లోగానీ గుర్తించలేదు. మొదటి కేసు ఆరేళ్ల పాప. ఎత్తు పెరగలేదు, ఎముకలు వయసుకి తగ్గట్టు ఎదగలేదు, తీవ్రమైన మలబద్ధకం, పళ్లు ఆలస్యం. అన్నీ థైరాయిడ్ తక్కువైన పిల్లల లక్షణాలే. టీఎస్‌హెచ్ చూస్తే నార్మల్. నార్మల్ కాక ఏమవుతుంది? పిట్యుటరీది బీటా, అది బాగానే ఉంది. ఎముకకీ పేగుకీ గుండెకీ వినపడటం లేదని దానికేం తెలుసు! ఇక్కడ పాడైన ఆల్ఫా ఇందాక ఎలుకల దగ్గర చెప్పిన పనే చేస్తుంది, జన్యువుల్ని నొక్కిపెట్టి వదలదు.

రిపోర్టుల మాట వచ్చింది కాబట్టి చిన్న పక్కదారి. జుట్టు కోసం బయోటిన్ ట్యాబ్లెట్లు వాడుతున్నారా? చాలా ల్యాబుల్లో థైరాయిడ్ పరీక్ష చేసే పద్ధతిలో బయోటిన్ కూడా ఒక భాగం. మీ రక్తంలో అది ఎక్కువుంటే లెక్క తప్పి, టీఎస్‌హెచ్ తక్కువగా, టీ3, టీ4 ఎక్కువగా చూపించొచ్చు. లేని జబ్బు కాగితం మీద పుడుతుంది. పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు ఆపేయమంటారు. శాంపిల్ ఇచ్చేటప్పుడు ల్యాబ్ వాళ్లకి, డాక్టర్‌కి చెప్పండి.

ఇప్పుడు బరువు సంగతి. థైరాయిడ్ ట్యాబ్లెట్ మింగితే అది కొవ్వు దగ్గరికి మాత్రమే వెళ్లదు. కూరగాయల మడి మీద పడిన వాన కల్లంలో మిర్చి మీద పడకుండా ఆపగలరా? ఒళ్లు ఖర్చు చేసే శక్తి పెరుగుతుంది, నిజమే. ఆకలీ పెరుగుతుంది. కండ కరుగుతుంది. ఎముక తగ్గుతుంది. గుండెలోని ఆల్ఫాకి రాత్రీ పగలూ ఓవర్‌టైమ్. అన్నిటికంటే ముందు పిట్యుటరీ కేక ఆపేస్తుంది, మీ సొంత గ్రంథి పడుకుంటుంది. ట్యాబ్లెట్ ఆపేశాక అది లేచేదాకా వారాల పాటు మీకు నిజంగానే థైరాయిడ్ తక్కువ. ఇంకోటి, థైరాయిడ్ తగ్గినవాళ్లలో పెరిగే బరువులో చాలా భాగం ఒంట్లో నిలిచిపోయే ఉప్పు, నీరు. మీరు అనుకునే కొవ్వు అంత ఉండదు. అమెరికాలో ఈ మందుల లేబుల్ మీదే, బరువు తగ్గడానికి వాడకూడదని పెట్టెకట్టి హెచ్చరిక ఉంటుంది.

పెద్ద పెద్ద డాక్టర్లకే ఈ పాఠం చేదుగా తగిలింది. లివర్‌లో కొలెస్ట్రాల్ తగ్గుతుంది కదా అని, అమెరికాలో అప్పటికే గుండెపోటు వచ్చిన మగవాళ్లకి రకరకాల మందులతో ఒక పెద్ద ప్రయోగం చేశారు. పేరు కరొనరీ డ్రగ్ ప్రాజెక్ట్, ఎనిమిది వేలకు పైగా మనుషులు. అందులో ఒక మందు డెక్స్‌ట్రోథైరాక్సిన్, థైరాక్సిన్‌కి అద్దంలో బొమ్మ. గుండె జోలికి పెద్దగా పోదని ఆశ. కొలెస్ట్రాల్ తగ్గింది. చనిపోయేవాళ్లు పెరిగారు. 1970ల మొదట్లో ఆ మందుని మధ్యలోనే ఆపేశారు. లివర్‌లో బీటా, గుండెలో ఆల్ఫా అన్న సంగతి అప్పటికి ఎవరికీ తెలీదు, రిసెప్టర్ దొరకడానికి ఇంకా పదిహేనేళ్లుంది.

తెలిశాక ఏమైందంటే, బీటాకే ఎక్కువగా అతుక్కునే మందు చేద్దామని పట్టుబట్టారు. 2024 మార్చిలో అమెరికాలో రెస్మెటిరోమ్‌కి అనుమతి వచ్చింది. బీటా అంటే దానికి మక్కువ ఎక్కువ, పైగా లివర్‌లోనే ఎక్కువగా చేరుతుంది. ఇచ్చేది ఫ్యాటీ లివర్ ముదిరి, వాపుతో పాటు లివర్‌లో మచ్చలు కట్టినవాళ్లకి. ఇది కూడా బరువు తగ్గే మందు కాదు, ముందే చెప్తున్నా.

కడుపుతో ఉన్నవాళ్ల గురించి చెప్పకుండా ముగించలేను. మొదటి మూడు నెలల్లో బిడ్డకి సొంత థైరాయిడ్ పనిచేయదు. అమ్మ రక్తంలోని టీ4 కొంత మాయ దాటి వెళ్తుంది, బిడ్డ మెదడు దాన్ని టీ3గా వండుకుంటుంది. ఆ మెదడు కణాల్లో రిసెప్టర్లు అప్పటికే కాచుకుని ఉంటాయి, హార్మోన్ రాకపోతే తాళం తీయవు. "కడుపుతో ఉన్నప్పుడు ట్యాబ్లెట్లేంటి, బిడ్డకి వేడి చేస్తుంది" అని ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమతోనే అంటారు. థైరాక్సిన్ విషయంలో మాత్రం ఆ మాట వినొద్దు. ఆపడం అటుంచి, చాలామందికి డోసు పెంచాల్సి వస్తుంది. కడుపు అని తెలియగానే డాక్టర్‌కి ఫోన్ చేయండి.

టీ4 తయారవ్వాలన్నా అయోడిన్ కావాలి కదా. మన దేశంలో ఉప్పులో అయోడిన్ కలిపితే గాయిటర్ తగ్గుతుందని 1956 నుంచి కాంగ్రా లోయలో పనిచేసి చూపించిన వాళ్లలో ముఖ్యుడు డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. మన శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదువుకున్నాయన. ఇంట్లో ఉప్పు ప్యాకెట్ చూసినప్పుడు ఒకసారి గుర్తుచేసుకోండి.

చివరిగా, ఈ మధ్యే ట్యాబ్లెట్ మొదలుపెట్టినవాళ్లకి. "పది రోజులైంది, ఏం తేడా లేదు" అని ఆపేస్తుంటారు. రక్తంలో టీ4 సగానికి తగ్గడానికే దాదాపు ఏడు రోజులు పడుతుంది, కాబట్టి దాని మట్టం కుదురుకోవడానికి అయిదారు వారాలు కావాలి. మళ్లీ పరీక్ష ఆరు నుంచి ఎనిమిది వారాలకి చేయించమనేది అందుకే. ఆ పైన రిసెప్టర్ జన్యువుని తెరవాలి, జన్యువు నుంచి ప్రోటీన్ తయారవ్వాలి, ఆ ప్రోటీన్ పని కనిపించాలి. గుండె వేగం ముందు మారొచ్చు, జుట్టు చాలా వెనక. పరగడుపున, నీళ్లతో వేసుకోండి. ఐరన్, కాల్షియం ట్యాబ్లెట్లు ఉంటే వాటికీ దీనికీ మధ్య నాలుగు గంటలు ఎడం ఉంచండి. వచ్చే ఎపిసోడ్‌లో కార్టిసాల్. ఉంటాను.